కల్లానికి మంచి రోజు

మాఘం నుంచి చైత్రం దాకా నేను ఆకాశాన్ని మిరపకాయ కోసమే చూశాను. ఏళ్ల తరబడి అంతే. పొద్దున మంచు త్వరగా విడిచి, ఎండ తెల్లగా కాసి, పడమటి నుంచి పొడి గాలి వీచిందంటే అది మంచి రోజు. మబ్బు లేచి, గాలిలో చెమ్మ తగిలిందంటే చెడ్డ రోజు. కల్లంలో పరిచిన కాయ మీద నాలుగు చినుకులు పడితే రంగు పోతుంది, బూజు పడుతుంది, మంచి ఎర్రకాయ కాస్తా తాలుకాయ లెక్కలోకి పోతుంది. గుంటూరు యార్డులో టిక్కీ, అంటే మిరప బస్తా, విప్పి చూసినవాడు ధర సగానికి దించుతాడు. బెల్లంకొండ చుట్టుపక్కల ఏ మిరప రైతును అడిగినా మంచి రోజుకు ఇదే గుర్తు చెబుతాడు, అందులో తప్పేమీ లేదు. నా ఇంట్లో మాత్రం ఒక పిల్ల ఉంది. సరిగ్గా ఆ మంచి రోజుల్లోనే దానికి ఊపిరి ఆడేది కాదు. ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. ఎదురుగా నిలబడి చెప్పినవాళ్ల మాట కూడా వినలేదు. ఈ రాసేదంతా ఆ మూర్ఖత్వం గురించే.

మా అమ్మాయికి ఆరేడేళ్ల వయసులో మొదలైంది. సంక్రాంతి వెళ్లాక కొద్ది రోజులకు కళ్లు నులుముకునేది, ముక్కు రుద్దుకునేది, వరసపెట్టి తుమ్మేది. కోటప్పకొండ తిరునాళ్ల వచ్చేసరికి దగ్గు. ఒంటిపూట బడులు పెట్టేనాటికి రాత్రిళ్లు ఛాతీలో పిల్లికూతలు. ఉగాది దాటి ఎండలు ముదిరాక కాస్త తగ్గినట్టే ఉండి మళ్లీ వచ్చేది. తొలకరి పడ్డాక మామూలు పిల్ల అయిపోయేది, చెంగుచెంగున గెంతేది.

మిరప ఘాటు అని తీర్మానించాను. ఇంటి వెనకే కల్లం. కాయలు తిరగేస్తుంటే కూలీలందరూ ముక్కుకు తువ్వాళ్లు కట్టుకుంటారు, అందరూ తుమ్ముతారు. పిల్ల లేత ఒళ్లు కాబట్టి ఎక్కువ తుమ్ముతుందనుకున్నాను. నిజానికి అక్కడే తేడా గమనించాల్సింది. మిరప ఘాటు ఎవరినైనా మండిస్తుంది, ఆ చోటు వదిలి పక్కకు వస్తే కాసేపట్లో తగ్గిపోతుంది. మా అమ్మాయి కళ్లు మండేవి కాదు, దురద పెట్టేవి. కాయలన్నీ టిక్కీలకెత్తి కోల్డ్ స్టోరేజీకి పంపేసి కల్లం ఊడ్చేశాక కూడా దగ్గు ఆగేది కాదు. ఒక ఏడు పురుగు తగిలి పంట పాడై కల్లమే వేయలేదు. ఆ ఏడూ దగ్గింది. అప్పుడు పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చే సున్నం దుమ్ము అన్నాను. నాకు ఒక కారణం కావాలి, అది నాకు ముందే తెలిసినదై ఉండాలి. అంతకుమించి వెతకలేదు.

మా ఇంటావిడ వెతికింది. చదువు తక్కువ, చూపు ఎక్కువ. ఒకనాడు పొయ్యి దగ్గర కూర్చుని అంది: "మబ్బు పట్టిన రోజు పిల్ల తెరిపిగా ఉంటది. ఎండ కాసి గాలి తోలిన రోజే ఎగపోస్తది. చూసుకోరాదా?"

ఆ రోజు నిజంగానే మబ్బు పట్టి ఉంది. నేను కల్లం మీద పట్టాలు కప్పించి, వాన ఎప్పుడు పడుతుందోనన్న దిగులుతో వచ్చాను. ఆ మాట వినగానే కోపం వచ్చింది. "మబ్బు పడితే జలుబు చేస్తది గానీ తగ్గుతదా?" అని కసిరాను. చల్లదనం, చెమ్మ, వాన, ఇవే పడిశానికి మూలమని మా అమ్మ చెప్పింది, ఆమెకు వాళ్లమ్మ చెప్పింది. పొడి ఎండ, పారే గాలి ఆరోగ్యమని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, మిరపకాయ చెప్పింది. అందుకే నేను ఏం చేశానంటే, వాన రోజున తలుపులు కిటికీలు బిడాయించి పిల్లను దుప్పట్లో కూర్చోబెట్టాను. ఎండ కాసిన రోజున "నాలుగు గాలులు పీల్చితే ఊపిరితిత్తులు బాగుపడతాయి" అని పొద్దున తొమ్మిది, పది గంటలకు కల్లం గట్టున, తుమ్మ చెట్ల పక్కన ఆడించాను. ఎండాకాలం రాత్రిళ్లు చల్లగాలికని డాబా మీద పడుకోబెట్టాను. ఒక్కటి కూడా సరైనది కాదు. మనసారా బాగు కోరే చేశాను, ఆ సంగతి ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

మందుల విషయంలో ఇంకా ఘోరం. ఒక ఏడు మృగశిర కార్తెలో, ఉబ్బసానికి పేరున్న ఒక నాటు మందు వేయించాను. వారం తిరక్కుండా పిల్ల తేరుకుంది. అప్పటికే నైరుతి వానలు తగిలాయి, గాలిలో దుమ్ము అణిగింది, చెట్ల పూత కాలం వెళ్లిపోయింది. ఏటా ఆ వారంలో తగ్గేదే తగ్గింది. నేను మాత్రం మందు గుణమనుకుని ఊరంతా చెప్పాను. ఆ ధైర్యంతో గుంటూరు డాక్టరు రాసిన పంపు, అంటే ఇన్‌హేలర్, బీరువాలో పెట్టేశాను. పంపు వేస్తే అలవాటైపోతుందని, ఆడపిల్ల పంపు పీలుస్తుందని తెలిస్తే రేపు సంబంధాలు రావని నా భయం. దాని బదులు అదే రకం మందును సిరప్‌గా, మాత్రగా పట్టించాను. పంపులో ఒక్క పీల్పుకు వచ్చే సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములు, అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అదే మందు మాత్రలో 2 నుంచి 4 మిల్లీగ్రాములు ఉంటుంది, రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, గుండె దడ పుట్టిస్తుంది. తక్కువ మందుకు భయపడి ఇరవై, నలభై రెట్లు పోశాను. ఆ లెక్క డబ్బా మీద, అట్ట మీద అచ్చేసే ఉంది. ఎరువు బస్తా మీది అక్షరాలు ఒక్కటి వదలకుండా చదివేవాణ్ని, పిల్ల మందు అట్ట చదవలేదు.

ఫాల్గుణంలో ఒక రాత్రి పిల్ల పడుకోలేక, రెండు చేతులూ మంచం పట్టెకు ఆనించి కూర్చుంది. మెడ దగ్గర గుంట పడుతోంది, మాట పూర్తిగా పలకలేకపోతోంది. ఆ రాత్రి ఆటోలో సత్తెనపల్లి, అక్కడి నుంచి గుంటూరు. ఆక్సిజన్ పెట్టి, నెబ్యులైజర్ పెట్టి, తెల్లారేసరికి ఊపిరి నిలబెట్టారు. డాక్టరు నన్ను తిట్టలేదు. ఏం తినిపిస్తున్నారని కూడా అడగలేదు. "ఏ రోజుల్లో ఎక్కువవుతుంది?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. మా ఇంటావిడ చెప్పింది, అప్పుడు నాతో చెప్పిన మాటే. ఆయన కలం పక్కన పెట్టి ఆమె వైపు తిరిగి కూర్చుని విన్నాడు.

కల్లం వేసినప్పుడు నేను ఒక నోటు పుస్తకం రాస్తాను. కూలీల లెక్కతో పాటు పట్టాలు ఎన్ని గంటలకు తీశామో, ఎప్పుడు కప్పామో, మబ్బో వానో గాలో అన్నీ ఉంటాయి. మా ఇంటావిడ గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో పాల లెక్క వేస్తూ, పిల్లకు సిరప్ పోసిన రాత్రి ఆ తేదీకి చుక్క పెట్టేది. ఇంటికి వచ్చాక ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. పట్టాలు పెందరాళే తీసిన రోజులకు ఎదురుగా చుక్కలు ఉన్నాయి. మధ్యాహ్నం దాకా పట్టా తీయని రోజులకు చాలావాటికి చుక్క లేదు. వాన పడిన మర్నాడు లేదు. వాన వెలిసి ఎండ కాసి గాలి లేచిన రెండో రోజుకో, మూడో రోజుకో మళ్లీ చుక్క. సంవత్సరాల పాటు సాక్ష్యం నా చేతిరాతలోనే, నా ఇంటి గోడ మీదే ఉంది.

తర్వాత పిల్లకు చర్మం మీద సూదితో గుచ్చి చేసిన పరీక్షలో సర్కారు తుమ్మ పుప్పొడికీ నెమలినార పుప్పొడికీ దద్దుర్లు లేచాయి. అప్పుడు తెలుసుకోవడం మొదలుపెట్టాను. పువ్వులో పుప్పొడి తిత్తులు ఉంటాయి. రాత్రి మంచుకు తడిసి ఉన్నంతసేపూ అవి మూసుకునే ఉంటాయి. పొద్దెక్కి తేమ ఆరిపోతుంటే వాటి గోడలు ఎండి, ముడుచుకుని, పగిలి విచ్చుకుంటాయి. మిరప పట్టా ఎప్పుడు తీయాలో చెప్పే ఆ మంచే పుప్పొడి ఎప్పుడు బయటపడాలో కూడా చెబుతోంది. నేను "ఇక ఆరింది, పట్టా తీయండి" అని కేకేసిన వేళే, చుట్టూ చెట్ల మీద పుప్పొడి విడుదలయ్యేది. ఎండకు నేల కాగి, వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, దానితో పుప్పొడీ లేస్తుంది. పొడి గాలి దాన్ని దూరం మోస్తుంది. చెమ్మగాలిలో రేణువు నీరు పట్టి బరువెక్కి త్వరగా దిగిపోతుంది. బాగా కురిసిన వాన గాలిని కడిగేస్తుంది. పొద్దు గూకి గాలి చల్లబడితే పగలు పైకెక్కినది మెల్లగా కిందికి దిగుతుంది, డాబా మీద పరిచిన పక్కల మీదికి, పిల్ల మొహం మీదికి.

నెమలినార మా వైపు అడవుల్లోనూ, గుళ్ల దగ్గరా, రోడ్ల వెంటా కనబడే పెద్ద చెట్టు. శివరాత్రి ముందు వెనకల ఆకంతా రాల్చేసి మోడై ఉన్నప్పుడు పూస్తుంది. ఆ పూత పూతలాగే ఉండదు. రేకులు లేవు, రంగు లేదు, వాసన లేదు. తేనెటీగను పిలవాల్సిన పని దానికి లేదు, గాలే దాని వాహనం. అందుకే లెక్కలేనంత పుప్పొడి తయారుచేస్తుంది, ఆకులు అడ్డం లేని కొమ్మల మీంచి అది నేరుగా గాలిలోకి పోతుంది. ఉత్తరాదిన ఉబ్బసం రోగుల మీద జరిగిన పరీక్షల్లో ఈ చెట్టు పేరు ముందు వరసలో వస్తూ ఉంటుంది. ఏటా దాని కిందనుంచే తిరునాళ్లకు వెళ్లాను. చైత్రంలో రాలే దాని పల్చటి రెక్కల కాయలు తెలుసు గానీ, అది పూస్తుందని కూడా నాకు తెలియదు.

సర్కారు తుమ్మ సంగతి వేరు. దాని పసుపుపచ్చ కంకుల మీద తేనెటీగలు ముసురుతాయి, పుప్పొడి మోసేది ఎక్కువగా అవే. కానీ గుంపుగా పెరిగిన చోట గాలికి కూడా రేగుతుంది, చెట్లకు దగ్గరగా ఉన్నవాళ్లకు బాగా తగులుతుంది. ఇది మన చెట్టు కాదు. అమెరికా ఖండపు మెట్ట చెట్టు. మద్రాసు ప్రెసిడెన్సీలో అడవుల అధికారిగా ఉన్న బెడ్డోమ్, వానలు లేని జిల్లాల్లో వంటచెరకు కోసం దీని విత్తనాలు కావాలని 1876లో రాస్తే, జమైకా నుంచి తెప్పించి మరుసటి ఏడు ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటించారు. అక్కడి నుంచి మేకలు కాయలు తిని, విత్తనం పెంటికల్లో వేసి, ఊరూరికీ పంచాయి. వేరు చాలా లోతుకు పోతుంది కాబట్టి కరువు ఏడు కూడా పూస్తుంది. మంచి ఉద్దేశంతో నాటిన చెట్టు తర్వాతి తరం ముక్కుకు చేటు కావడం ఒక్క మన దగ్గరే జరగలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొండలనిండా సుగి అనే చెట్లు నాటిన జపాన్‌లో, ముందటి వేసవి ఎంత కాగిందో చూసి వచ్చే వసంతంలో పుప్పొడి ఎంత ఉంటుందో ముందే జనానికి చెబుతున్నారు.

తెలిసింది కదా అని ఊరుకున్నానా? తుమ్మ మీద పగబట్టాను. మా గట్టు వెంట ఉన్న చెట్లన్నీ నరికించాను. ఎప్పుడు? పూత మీద ఉన్నప్పుడు, ఎండ కాస్తున్న పొద్దున. గొడ్డలి దెబ్బకు కొమ్మ కొమ్మా అదిరి పుప్పొడంతా రాలింది. కంప అక్కడే కుప్పేసి తగలబెట్టించాను. పుప్పొడికి పొగ తోడైంది. పిల్లను ఇంట్లో ఉంచాను గానీ కిటికీలు తెరిచే ఉన్నాయి. ఆ వారమంతా పిల్ల పడిన యాతన నా పగకు వెల. వాన పడగానే ఆ మొదళ్ల నుంచే పది పది పిలకలు లేచాయి. ఇక నెమలినార మాటేమిటి? కోసు దూరంలో ఉన్న చెట్టు పుప్పొడి నా గట్టు దగ్గర ఆగుతుందా?

అన్నిటికంటే ప్రమాదకరమైన తెలివితక్కువతనం ఇంత తెలిశాక చేశాను. వాన గాలిని కడుగుతుందని విన్నాను కదా, వాన అంతా మంచిదేనని తేల్చేశాను. రోహిణి కార్తెలో ఒక సాయంత్రం బెల్లంకొండ కోట వెనక నల్లటి మబ్బు లేచింది. ముందు గాలిదుమారం, తర్వాత ఉరుములు, పెద్ద పెద్ద చినుకులు. పిల్లను డాబా మీదికి తీసుకెళ్లాను. మొదటి చినుకుల్లో నిలబెట్టాను. "గట్టిగా పీల్చమ్మా, ఇక నీకేం కాదు" అన్నాను. గంట తిరక్కముందే పిల్లికూతలు మొదలయ్యాయి. ఈసారి పంపు చేతిలోనే ఉంది, ఎలా వేయాలో తెలుసు, గండం గడిచింది.

ఉరుముల వానకూ ముసురు వానకూ ఎంత తేడా ఉందో ఆ తర్వాత చదివాను. మబ్బులోంచి కిందికి దూకే చల్లగాలి నేలను తాకి నలువైపులా పరుచుకుంటూ, నేల మీది దుమ్మునూ బూజు రేణువులనూ పుప్పొడినీ ఊడ్చుకుంటూ వానకు ముందే వస్తుంది. పుప్పొడి రేణువు 20 నుంచి 40 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంత పెద్దది ముక్కులోనే చిక్కుకుంటుంది. అదే రేణువుకు ఒక్కసారిగా నీరు తగిలితే, నానిన గింజ పొట్టు పగిలినట్టు పగిలి, లోపలి సన్నటి పిండి కణాలు బయటపడతాయి. అవి నేరుగా ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. 2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ మీదికి ఇలాంటి గాలివాన వచ్చింది. అక్కడిది చెట్టు కాదు, రై గడ్డి పుప్పొడి. ఒకటిన్నర రోజు తిరగకముందే మామూలు కంటే 3,000 మందికి పైగా ఎక్కువ మంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తారు, 10 మంది చనిపోయారు. అంతకుముందు ఉబ్బసమే లేనివాళ్లు, వసంతంలో తుమ్ములు మాత్రం ఉన్నవాళ్లు ఆసుపత్రులకు వెళ్లినవాళ్లలో ఎందరో. జనాభాలో తమ వాటాకు మించి మన దేశపు మూలాలున్నవాళ్లు ఆ బాధితుల్లో ఉన్నారని తర్వాత తేలింది. ఆ నగరంలో మన తెలుగు పిల్లలు వేలల్లో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. మరుసటి ఏడు నుంచి అక్కడి ప్రభుత్వం పుప్పొడి కాలంలో ఉరుముల ఉబ్బసానికి ముందస్తు హెచ్చరికలు ఇస్తోంది. చినుకు పడకముందే ఇంట్లోకి వెళ్లి తలుపులు వేసుకోవాలని చెబుతోంది. నేను సరిగ్గా ఆ వేళకే పిల్లను బయటికి తెచ్చాను.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. సంక్రాంతి పండగ వెళ్లగానే, దగ్గు రాకముందే, రోజువారీ వేసే పంపు డాక్టరు చెప్పినట్టు మొదలుపెడతాం. ఎండ, గాలి కలిసిన రోజు పొద్దెక్కాక కిటికీలు మూస్తాం. కల్లం నుంచి వచ్చినవాళ్లు స్నానం చేసి బట్టలు మార్చాకే పిల్ల గదిలోకి వెళ్తారు. దాని బట్టలు, పక్కగుడ్డలు ఆరుబయట తీగ మీద ఆరేయం. నేను కల్లం పుస్తకంలో ఒక గడి పెంచి అమ్మాయి ఊపిరి ఎలా ఉందో రాస్తున్నాను. ఇలా లెక్క రాసుకోవడంలో నేను మొదటివాణ్ని కాను. మాంచెస్టరులో బ్లాక్లీ అనే డాక్టరు, తనకే ఉన్న తుమ్ముల జబ్బు గుట్టు విప్పడానికి జిగురు పూసిన గాజు పలకలను గాలిపటాలకు కట్టి ఎగరేసి, ఎంత ఎత్తున ఎంత పుప్పొడి ఉందో లెక్కపెట్టాడు. 1873లో పుస్తకం అచ్చువేశాడు. చండీగఢ్‌కు 2022లో ఏ నెలలో ఏ చెట్టు పుప్పొడి గాలిలో ఉంటుందో చెప్పే క్యాలెండర్ తయారైంది. పల్నాడుకు అలాంటిది ఎందుకు ఉండకూడదు? వడగాలికీ పిడుగుకూ ఫోన్లో హెచ్చరిక వచ్చే జిల్లా ఇది. మా మండలంలో ప్రతి బడిలోనూ మాఘం వచ్చేసరికి ముక్కు రుద్దుకునే పిల్లలు ఉన్నారు. వాళ్ల తండ్రులు అది మిరప ఘాటేనని నమ్ముతున్నారు.

మొన్న మా పక్క కల్లం తమ్ముడు వాళ్ల చిన్నోణ్ని చూపించి అదే అన్నాడు. "ఘాటు పడట్లేదన్నా. పంపు రాశారు గానీ, అలవాటవుద్దని ఆపాను."

పంపులో ఎంత మందు ఉందో, సిరప్‌లో ఎంత ఉందో రెండు అట్టలూ తెచ్చి చేతిలో పెట్టాను. చదవమని నిలబడ్డాను. చదివాడు. పట్టాలు తీసిన వేళ రాసుకుంటున్నావా అని అడిగితే, రాస్తున్నానన్నాడు. దాని పక్కనే పిల్లోడి దగ్గు కూడా రాయమన్నాను. వాళ్లావిడను పిలిచి, ఏ రోజుల్లో ఎక్కువవుతోందో ఆమెనే అడిగాను. ఆమె తడుముకోకుండా చెప్పింది. సోమవారం ముగ్గురం కలిసి పిల్లోణ్ని గుంటూరు తీసుకెళ్తున్నాం.